ఈ లెక్కలు గుంట గట్టు మీద పనికొస్తాయా?

ప్రశ్న: మాస్టారూ, మాది అల్లూరు దగ్గర పల్లె. ఆరెకరాల్లో రొయ్యల గుంటలు చేస్తున్నా, అందులో నాలుగెకరాలు లీజువే. మా పాప నెల్లూరులో బీఎస్సీ లెక్కలు మూడో సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ కూడా లెక్కలే చదువుతానంటోంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే వినదు. బ్యాంకు కోచింగ్ అంటే మొహం ముడుచుకుంటుంది. మొన్న తన పుస్తకం తెరిచి చూశా. లెక్కల పుస్తకమంటారు గానీ వెతికినా అంకె కనబడలేదు, అన్నీ అక్షరాలే. 'గ్రూపులు' అంట. ఇవి ఎక్కడ పనికొస్తాయమ్మా అంటే, "ఏమో నాయనా, మా సారుక్కూడా తెలీదనుకుంటా" అంది. టీచరు ఉద్యోగానికి తప్ప ఈ లెక్కలు ఇంకెక్కడైనా పనికొస్తాయా? రెండు పంటలు నష్టపోయి ఉన్నా. బిడ్డ మాట వినమంటారా? పేరు వేయొద్దు. — అల్లూరు మండలం

జవాబు: మీ పాప చెప్పిన ఆ సారు నేను కాదు గానీ, నేనైనా ఆశ్చర్యం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో అదే పాఠం చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పొదిలి వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు లేచి "సార్, ఈ గ్రూపులు దేనికి?" అని అడిగాడు. "పది మార్కులకి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ కుర్రాడు మళ్ళీ ఏడాది పొడుగునా నోరు తెరవలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే ధైర్యం లేక జోకు వేశాను. ఆ బాకీ ఇవాళ మీకు కొంత తీర్చుకుంటాను.

గ్రూపుల సంగతి తర్వాత. ముందు మీ గుంట దగ్గరికే వస్తాను.

వారానికోసారి మీరు వల విసిరి శాంపిల్ తీస్తారు కదా. పడ్డ రొయ్యల్ని తూచి, లెక్కబెట్టి, కౌంట్ చెబుతారు. 400 రొయ్యలు ఆరు కిలోలు తూగితే ఒక్కోటి 15 గ్రాములు, అంటే కిలోకు 66, 67. నీళ్ళలో లక్షకు పైగా ఉంటే, చేతికొచ్చిన నాలుగొందలను చూసి మిగతా వాటి సంగతి చెప్పేస్తున్నారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు. కాకపోతే కుండలో అన్నం ఇంచుమించు ఒకేలా ఉడుకుతుంది, గుంటలో రొయ్యలు అలా ఉండవు. ఏరేటర్ పక్కనవి ఒక తీరు, మూలల్లో బురద దగ్గరవి ఇంకో తీరు. మేత వేసే చోటే వల విసిరితే బలమైనవే ఎక్కువ పడి కౌంట్ బాగా వచ్చినట్టు కనిపించవచ్చు. ఎక్కడ విసరాలి, ఎన్నిసార్లు విసరాలి, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి? ఇవి మూడూ గణితం వేసుకునే ప్రశ్నలే. నమ్మకం గురించి అది చెప్పే మాట కొంచెం చేదుగా ఉంటుంది: తప్పు సగానికి తగ్గాలంటే శాంపిల్ రెండింతలు తీస్తే చాలదు, నాలుగింతలు తీయాలి.

కౌంట్ కంటే కష్టమైనది బతుకుదల లెక్క. ఎకరం గుంటలో 2 లక్షల పిల్ల వేశారనుకోండి. 80 శాతం బతికాయనుకుంటే లక్షా అరవై వేలు, 15 గ్రాముల చొప్పున 2,400 కిలోలు. రోజుకు బరువులో 3 శాతం మేత వేస్తే 72 కిలోలు. కానీ నిజానికి 60 శాతమే బతికి ఉంటే? అప్పుడు గుంటలో ఉన్నది 1,800 కిలోలు, కావలసిన మేత 54 కిలోలు. మిగతా 18 కిలోలు రోజూ అడుగున కుళ్ళుతుంది. నెలకు 540 కిలోలు. డబ్బు పోవడం ఒకటైతే, ఆ కుళ్ళుతో నీళ్ళు పాడై ఉన్నవి కూడా జబ్బు పడటం రెండోది. మేత మిగిలిందో లేదో తెలియడానికి మీరు చెక్ ట్రేలు దించి చూసేది ఈ తప్పు పట్టుకోడానికే. మీరు చేస్తున్నది గణితమే, ఆ మాట మీకెవరూ చెప్పలేదు, అంతే.

నీళ్ళలో ఉన్నవాటిని అన్నీ పట్టకుండా లెక్కబెట్టడం ఎలా అని చాలామంది తల బద్దలు కొట్టుకున్నారు. చేపల చెరువుల్లో వాడే ఒక ఉపాయం నాకు చాలా ఇష్టం. 200 చేపలు పట్టి, రెక్క కొస కొంచెం కత్తిరించి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. కొన్నాళ్ళాగి 300 పడతారు. వాటిలో కత్తిరించిన రెక్కలవి 15 ఉన్నాయనుకోండి, అంటే ఇరవైకి ఒకటి. చెరువులో గుర్తు పెట్టినవి మొత్తం 200 కాబట్టి చెరువులో చేపలు ఇంచుమించు 4,000. ఇందులో ఉన్నది ఎనిమిదో తరగతి నిష్పత్తే. ఇలాంటి నిష్పత్తితోనే 1802లో లాప్లాస్ అనే ఫ్రెంచి గణితవేత్త కొన్ని ఊళ్ళలో జనాభాకూ పుట్టుకలకూ ఉన్న సంబంధం చూసి, ఇల్లిల్లూ తిరగకుండానే ఫ్రాన్సు జనాభా దాదాపు 2 కోట్ల 80 లక్షలని అంచనా కట్టాడు. తన అంచనా ఎంత తప్పు కావచ్చో కూడా లెక్క వేశాడు. కాకిలెక్కకూ అసలు లెక్కకూ తేడా ఆ రెండో అంకెలోనే ఉంది.

ఇది చదివి మీరు రేపే రొయ్యలకు రంగు పూస్తారేమో, ఆగండి. రొయ్య పెంకు విడుస్తుంది, పెంకుతోపాటు మీ గుర్తూ పోతుంది. చేపకు పనికొచ్చిన లెక్క రొయ్యకు పనికిరాదు. ఈ సంగతి లెక్కల పుస్తకంలో ఉండదు, మీకు తెలుసు. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, చివర్లో మీ పాప విషయంలో దీంతో పని ఉంది.

ఇంకొక్కటి చెప్పి గుంట దిగుతాను. పట్టుబడి, అంటే రొయ్యలన్నీ పట్టి అమ్మడం, ఎప్పుడు? మీ ఊళ్ళో దీని మీద ఇళ్ళలోనే గొడవలు జరుగుతుంటాయి. ఇంకో పది రోజులు ఆగితే రొయ్య పెరిగి కౌంట్ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఆగితే మేత, కరెంటు, డీజిల్ ఖర్చు, తెల్లమచ్చ జబ్బు భయం. ఒక్క రోజు ఆగినందువల్ల పెరిగే విలువ, ఆ ఒక్క రోజు ఖర్చూ నష్టభయమూ సరిసమానమయ్యే రోజు ఒకటుంటుంది. అప్పటిదాకా ఆగాలి, దాటాక ఆగకూడదు. మీ పాప ఇంటర్‌లో నేర్చుకున్న అవకలనం, 'డీవై బై డీఎక్స్ ఈక్వల్ టు జీరో' అని బట్టీ పట్టిందే, ఆ రోజును పట్టుకునే సాధనం. ఆమెకు దాన్ని గుంటతో ముడిపెట్టి ఎవరూ చెప్పి ఉండరు. నేనైతే నా విద్యార్థులకు చెప్పలేదు.

మీరు కొనే మేత బస్తా కూడా లెక్కలోంచి పుట్టిందే. చేపల పొడి, సోయా, గోధుమ పిండి, చేప నూనె — ఒక్కోదానికి ఒక్కో ధర, ఒక్కోదాంట్లో ఒక్కో పాళ్ళలో మాంసకృత్తులు, కొవ్వు. బస్తా మీద రాసిన శాతాలు తగ్గకూడదు, ఖర్చు మాత్రం వీలైనంత తగ్గాలి. ధరలు మారినప్పుడల్లా పాళ్ళు మార్చుకోవాలి. దీన్ని లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు, డిగ్రీ లెక్కల్లో వస్తుంది. దీనికి మొదలు కూడా ఒక ఫ్యాక్టరీయే. 1938లో రష్యాలో ప్లైవుడ్ తయారుచేసేవాళ్ళు ఏ యంత్రం మీద ఏ చెక్క వేస్తే పని ఎక్కువ సాగుతుందో చెప్పమని కాంటరోవిచ్ అనే కుర్ర ప్రొఫెసరును అడిగారు. ఆయన మరుసటి ఏడాది ఒక పద్ధతి రాసి ఇచ్చాడు. 1975లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

అమెరికాలో ఇదే లెక్కను మనుషుల తిండి మీద వేశారు. 77 రకాల తిండిపదార్థాలు, 9 పోషకాలు. ఒక మనిషికి ఏడాదికి అన్ని పోషకాలూ అందాలి, ఖర్చు అతి తక్కువ కావాలి. స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 1945లో ఒడుపుగా ఊహించి 39 డాలర్ల 93 సెంట్లన్నాడు. 1947లో డాంట్జిగ్ అనే గణితవేత్త కొత్తగా కనిపెట్టిన పద్ధతిని దాని మీదే పరీక్షించారు. తొమ్మిది మంది గుమాస్తాలు చేత్తో తిప్పే లెక్కల మిషన్లు పెట్టుకుని కూర్చుంటే, అందరిదీ కలిపి 120 పనిదినాలు పట్టింది. వచ్చిన జవాబు 39 డాలర్ల 69 సెంట్లు. తేడా 24 సెంట్లే! ఇప్పుడు మీ పాప ఫోన్లో ఆ లెక్క రెప్పపాటులో తేలిపోతుంది.

అయితే స్టిగ్లర్ చెప్పిన తిండి ఏమిటో తెలుసా? గోధుమ పిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాది పొడుగునా అవే. మన నెల్లూరు చేపల పులుసు తిన్న మనిషి వారం తిరక్కుండానే ఆ పళ్ళెం విసిరేస్తాడు. లెక్క తప్పు చేయలేదు. రుచి కూడా కావాలని దానికెవరూ చెప్పలేదు. అడిగినదానికే అది జవాబిస్తుంది, అడగనిదాన్ని అది ఎరగదు. కంప్యూటరు చెప్పింది కదా అని నెత్తిన పెట్టుకునే అధికారులను చూసినప్పుడల్లా నాకు ఈ పాలకూర గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ అక్షరాల పుస్తకం సంగతి.

మీ ఆధార్ కార్డు తీయండి. అందులో 12 అంకెలున్నాయి. మొదటి 11 మీకిచ్చినవి. చివరి అంకె వాటిలోంచి లెక్కగట్టి తీసింది. రైతు సేవా కేంద్రంలో కుర్రాడు మీ నంబరు కొడుతూ ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కనున్న 3, 8 లను 8, 3 గా తారుమారు చేసినా కంప్యూటరు 'చెల్లదు' అనగలుగుతుంది. ఆ మాట అనడానికి మీ వివరాలు వెతకనక్కరలేదు, ఇంటర్నెట్టూ అక్కరలేదు. ఆ 12 అంకెలూ చాలు.

ఇది ఎలా కుదురుతుంది? అంకెలన్నీ కూడితే తారుమారు దొరకదు, ఎందుకంటే 3, 8 కూడినా 8, 3 కూడినా 11 ఏ. ఎటు నుంచి కలిపినా ఒకటే అయ్యే కూడిక మనకు పనికిరాదు, వరస మారితే ఫలితం మారే కూడిక కావాలి. అలాంటిది ఉంటుందా అంటారేమో. ఉంటుంది, రోజూ చేస్తూనే ఉంటాం. బనియను వేసుకుని చొక్కా తొడుక్కోవడం, చొక్కా తొడుక్కుని బనియను వేసుకోవడం ఒకటేనా?

ఒక అట్టముక్కను అయిదు భుజాలూ, అయిదు మూలలూ సమానంగా ఉండేలా కత్తిరించండి. బల్ల మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. ఆ గీతలోనే మళ్ళీ సరిగ్గా కూర్చునేలా అట్టను ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? చుట్టూ తిప్పుతూ అయిదు రకాలు, అసలు కదపకపోవడం కూడా అందులో ఒకటి. బోర్లించి ఇంకో అయిదు. మొత్తం పది. మన అంకెలూ పదే, 0 నుంచి 9 దాకా. ఇప్పుడు ఒక మూలకు చుక్క పెట్టి చూడండి. ఒకసారి తిప్పి ఆ తర్వాత బోర్లిస్తే చుక్క ఒకచోటికి వస్తుంది, బోర్లించి ఆ తర్వాత తిప్పితే ఇంకోచోటికి పోతుంది. మనకు కావలసిన వరస పట్టింపు ఈ అట్టముక్క దగ్గర ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన వెర్‌హూఫ్ అనే గణితవేత్త 1969లో ఈ పది కదలికలకూ పది అంకెల పేర్లు పెట్టి, మామూలు కూడిక బదులు కదలికల కూడిక వాడాడు. స్థానాన్ని బట్టి అంకెను మార్చే చిన్న మెలిక ఇంకోటి ఉంది, అది మీ పాప చెబుతుంది. పది అంకెలతోనే ఈ పని కాదని అంతకుముందు అనుకునేవారు. పాత పుస్తకాల వెనక ఐఎస్‌బీఎన్ నంబరు చివర ఒక్కోసారి 'ఎక్స్' అనే అక్షరం కనబడేది ఆ ఇబ్బంది వల్లే, వాళ్ళకు పదకొండో అంకె కావలసి వచ్చింది.

ఆ అయిదు భుజాల అట్ట కదలికల గుంపే మీ పాప పుస్తకంలోని గ్రూపు. ఉదాహరణల్లో 'డీ ఫైవ్' అని రాసి ఉండవచ్చు. నేనూ ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. నా జేబులోని కార్డు మీద అది పని చేస్తోందని రిటైరయ్యాక తెలిసింది. పొదిలి కుర్రాడు ఎక్కడున్నాడో గానీ, అతనికీ ఆధార్ ఉండే ఉంటుంది.

ఇలా ముందు ఊరికే పుట్టి, తర్వాతెప్పుడో పనిలోకి దిగిన లెక్కలు చాలా ఉన్నాయి. రామానుజన్‌ను ఇంగ్లండుకు పిలిపించిన హార్డీ, తన అంకెల శాస్త్రం ఎవరి యుద్ధానికీ పనికిరాదని 1940లో గర్వంగా రాసుకున్నాడు. 1977లో ముగ్గురు మనుషులు అదే శాస్త్రంలోని ప్రధాన సంఖ్యలతో రహస్యం దాచే తాళం కనిపెట్టారు. ఇప్పుడు ఇంటర్నెట్లో బ్యాంకుల రహస్యాలు కాచే తాళాల్లో అదొకటి. సీటీ స్కాన్ వెనకున్న గణితం ఆస్ట్రియాలో రాడాన్ 1917లోనే రాసిపెట్టాడు, మనిషికి స్కాన్ తీసింది 1971లో. ఆ స్కాన్‌కు నోబెల్ పొందిన కార్మాక్‌కు కూడా మొదట్లో రాడాన్ సంగతి తెలియదు, అంతా తనే మళ్ళీ కట్టుకున్నాడు. బీరువాలో ఉన్న వస్తువును మళ్ళీ బజారులో కొన్నట్టు.

శ్రీహరికోట గురించి నేను పెద్దగా చెప్పను, పేపర్లు చాలా రాశాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి వైపు వెళ్ళిపోయింది గానీ, రాత్రిపూట రాకెట్ వదిలితే వెలుగు మన గట్ల మీదా పడుతుంది. 2023 జులై 14న చంద్రయాన్-3 ని మోసిన రాకెట్ బరువు దాదాపు 640 టన్నులు. పైకి పంపిన సరుకు నాలుగు టన్నుల లోపే. ఎందుకంత దండగ అంటే, వేగం కూడికలో పెరగాలంటే ఇంధనం గుణకారంలో పెరగాలి. 1903లో త్సియోల్కోవ్‌స్కీ రాసిన ఆ సమీకరణంలో ఉన్నది ఇంటర్‌లో చెప్పే లాగరిథమే.

మీకు రాకెట్ కంటే జబ్బుల లెక్క దగ్గర. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పురుగును పట్టుకున్న సంగతి స్కూల్లో చదివే ఉంటారు. ఆ తర్వాత ఆయన లెక్కలు మొదలుపెట్టాడని చాలామందికి తెలియదు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదు, మరి మలేరియా ఎలా పోతుందని అందరూ వాదిస్తుంటే, అన్నిటినీ చంపనక్కరలేదని ఆయన సమీకరణాలు రాసి చూపించాడు. దోమలు ఒక హద్దు కంటే తగ్గితే చాలు. ఒక రోగి నుంచి సగటున ఒకరి కంటే తక్కువ మందికి అంటుకునే స్థితి వస్తే జబ్బు దానంతటదే చల్లారుతుంది. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళి, 1905-06లో బొంబాయిలో ప్లేగు చావుల లెక్కలతో సరిపోల్చారు. కరోనా రోజుల్లో టీవీలో 'ఆర్ విలువ' అని ఊదరగొట్టింది దీని గురించే. జబ్బు మోసుకొస్తాయని మీరు గుంట చుట్టూ పీతల కంచె కట్టినా, పైన పక్షులకు వల పరిచినా, పిల్ల పలచగా వేసినా చేస్తున్నది ఆ అంకెను ఒకటికి కిందికి లాగడమే. ఒక్క పీత కూడా దూరకూడదని రాత్రంతా మేలుకోనక్కరలేదు. అయితే ఎన్ని దూరితే ముప్పు అన్నది ఎవరైనా కూర్చుని తేల్చాలి. మన గుంటల మీద ఆ పని చేసే పిల్లలు ఇంకా చాలామంది కావాలి.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఒకాయన నాతో "ఇది నూరేళ్ళకోసారి వచ్చే వరదంట మాస్టారూ, ఇక మన కాలంలో రాదు" అన్నాడు. అది నిజంగా ఆ కోవలోదేనా అన్న మాట పక్కన పెడదాం. 'నూరేళ్ళకోసారి' అంటే ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని అర్థం. నిరుడు వచ్చిపోయిన సంగతి నదికి గుర్తుండదు. ముప్పై ఏళ్ళకు ఇల్లు కట్టుకునే అప్పు తీసుకున్నారనుకోండి, అప్పు తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఏటిలో ప్లాట్లు కొనేవాళ్ళు కొంతైనా తగ్గుతారు.

మీ పక్క పొలాల్లో వరి వేసేవాళ్ళను అడిగితే పంట కోత ప్రయోగం సంగతి చెబుతారు. అధికారులు వచ్చి 5 మీటర్ల చదరం కొలిచి, అందులో వరి కోసి, నూర్చి, తూస్తారు. 15 కిలోలు వచ్చిందంటే ఎకరాకు దాదాపు 2,430 కిలోలు, మన 850 కిలోల పుట్టి లెక్కలో 2.86 పుట్లు. బీమా వచ్చేదీ రానిదీ దాని మీదే ఉంటుంది. ఆ చదరం ఎక్కడ కొలవాలో అధికారి ఇష్టం కాదు, రైతు ఇష్టమూ కాదు. కళ్ళు మూసుకుని తీసినట్టుగా వచ్చే అంకెలు నిర్ణయించాలి. మన దేశంలో ఈ శాంపిల్ సర్వేల విద్యకు దారి వేసినవారు 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్. ఆ చదరం తెచ్చి బాగా పండిన చోటో, ఎండిన చోటో వేస్తే అంతకు ముందున్న లెక్కంతా గాలికి పోతుంది. అలా వేశారన్న గొడవలు నేను విన్నాను.

ఆ సంస్థ పేరు వచ్చింది కాబట్టి మీ పాప దగ్గరికి వస్తాను. సీఆర్ రావుగారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చదివారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్తే ఆ ఉద్యోగం దొరకలేదు. అక్కడ ఈ సంస్థ గురించి విని అందులో చేరారు. ఇరవై అయిదేళ్ళకు, 1945లో, ఆయన రాసిన ఫలితం ఇవాళ ప్రపంచంలో ఎక్కడ స్టాటిస్టిక్స్ చదివినా ఆయన పేరుతోనే ఉంటుంది: చేతిలో ఉన్న శాంపిల్‌తో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దానికి దాటరాని హద్దేమిటో చెప్పే ఫలితం. మీరు విసిరే వల దగ్గర మనం మొదలుపెట్టిన ప్రశ్నే అది. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకు స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు.

ఇది చెప్పి మీ పాపా అంతటిది అవుతుందని మిమ్మల్ని ఊరించను. ఉన్నదున్నట్టు చెబుతాను. ఉత్త ఎమ్మెస్సీ లెక్కలు, అదీ గైడ్లు చూసి పాసయ్యే ఎమ్మెస్సీ అయితే, మీ భయం నిజమే. ఆ డిగ్రీలు పట్టుకుని ఖాళీగా తిరిగేవాళ్ళు నా విద్యార్థుల్లోనే ఉన్నారు. లెక్క తనంతట తాను గట్టు మీదికి రాదు. రొయ్య పెంకు విడుస్తుందని తెలిసిన మనిషి, నిష్పత్తి తెలిసిన మనిషి ఒకరే అయితేనో, పక్కపక్కన కూర్చుంటేనో పని జరుగుతుంది. కాబట్టి చదవనివ్వండి, కానీ లెక్కతోపాటు ఇంకో కాలు ఎక్కడ మోపుతుందో ముందే తేల్చుకోమనండి. స్టాటిస్టిక్స్ కావచ్చు, కంప్యూటర్లు కావచ్చు, వాతావరణం కావచ్చు, బీమా లెక్కలు కావచ్చు.

ఎమ్మెస్సీకి ఐఐటీలు పెట్టే 'జామ్' పరీక్షలో లెక్కల పేపరు ఉంది, మ్యాథమేటికల్ స్టాటిస్టిక్స్ పేపరు వేరే ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంట్రన్స్ వేరు, అక్కడ విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చే ఆనవాయితీ ఉంది, మీ పరిస్థితిలో ఆ మాట ముఖ్యం. చెన్నై దగ్గర సిరుసేరిలో చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డేటా సైన్స్ ఎమ్మెస్సీ ఉంది, నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరవచ్చు. ఇవి సులువు కావు. ఒక ఏడాది గట్టిగా కూర్చుని రాయమనండి. రాకపోతే మన యూనివర్సిటీలు పీజీసెట్‌తో ఉండనే ఉన్నాయి. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. స్టాటిస్టిక్స్ చదివితే తర్వాత యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష ఉంది, ఆ దారిలో పోటీ సివిల్స్ అంత ఉండదు. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాకా చేయవచ్చు. టీచరు పనిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టముండదు, కాకపోతే బలవంతంగా టీచరైనవాళ్ళు "పది మార్కులకి" అంటారు. ఆ పాపం నాకు తెలుసు.

పెళ్ళి మాట మీరు రాయలేదు గానీ ఇంట్లో ఉండే ఉంటుంది. దాని మీద నాకు అభిప్రాయముంది, మీరు అడగలేదు కాబట్టి చెప్పను.

డబ్బు ఖర్చు లేని పని ఒకటి ఇప్పుడే చేయండి. గత మూడు పంటల నోటుబుక్కులు, పిల్ల ఎంత వేశారు, రోజుకు మేతెంత, వారం వారం కౌంట్, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, పట్టుబడిలో ఎంత తూగింది, అన్నీ పాపకు ఇవ్వండి. నష్టం వచ్చిన రెండు పంటలవి తప్పకుండా ఇవ్వండి. బిడ్డ ముందు చిన్నబోతామని ఆ పేజీలు దాచకండి, ఆమెకు అవే ఎక్కువ పనికొస్తాయి. ఇప్పుడు గుంటలో ఉన్న పంటకు పట్టుబడి ఎంత వస్తుందో నెల ముందుగా ఆమెను ఒక అంకె రాసి కవరులో పెట్టమనండి, ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాయమనండి. మీరూ మీ అంకె రాసి ఇంకో కవరులో పెట్టండి. కాటా అయ్యాక రెండూ విప్పి, మూడంకెలూ నాకు రాయండి. మీదే దగ్గరగా వస్తే ఆమె ఏం మరిచిపోయిందో మీరే చెప్పండి.